ఈసారైనా మన టైటాన్స్ కప్పు తెస్తారా?

రాత్రి ఎనిమిదవుతుంది. పొయ్యి మీద పప్పు పొంగుకొస్తూ ఉంటుంది. ఇంతలో హాల్లోంచి "పట్టు! పట్టు! వదలకు!" అని ఒకటే కేకలు. ఎవరికేమైందో ఏమోనని గరిటె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొస్తాం. తీరా చూస్తే ఏముందీ... టీవీలో కబడ్డీ! ఈ అనుభవం నాకొక్కదానికే కాదు, ఇది చదువుతున్న అక్కచెల్లెళ్ళలో చాలామందికి అయ్యే ఉంటుంది.

2014 జులైలో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు మా ఇంట్లో నేనూ, మా అత్తమ్మా ఒక పక్షం. సీరియల్ వచ్చే టైముకి ఈ ఆటేమిటని విసుక్కునేవాళ్ళం. "ఇదేం ఆటనే బిడ్డా! మా కాలంల చెడుగుడు బీట్ల ఆడిండ్రు. గిప్పుడు గిన్ని లైట్లు పెట్టి ఆడుతుండ్రా?" అని అత్తమ్మ బుగ్గలు నొక్కుకునేది. వద్దనుకుంటూనే చూశాం, చూస్తూ చూస్తూ ఆటలో పడిపోయాం. ఇప్పుడు నా పుట్టిల్లు మిర్యాలగూడ నించి తమ్ముడు, కోదాడ నించి చెల్లెలు, సూర్యాపేటలో నేను... మ్యాచి అయిపోగానే ముగ్గురం ఫోన్లలో పోస్టుమార్టం చేస్తాం. ముగ్గురి నోటా ఒకటే ప్రశ్న. మన తెలుగు టైటాన్స్ ఎప్పుడు కప్పు తెస్తారు?

కొత్త సీజను ముందు ఆ లెక్క ఒకసారి సరిచూసుకుందాం. ఇంటి బడ్జెట్ వేసుకునే మనకి ఈ లెక్క ఓ లెక్కా!

కూత, పట్టు అంటే...

ఆట అంతగా తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఒక్కో వైపు ఏడుగురు. ఒక వైపు నించి ఒకడు "కబడ్డీ కబడ్డీ" అని కూత పెడుతూ అవతలి వాళ్ళ గడిలోకి వెళ్తాడు. అతను రైడర్. 30 సెకండ్లలో ఎవర్నయినా తాకి గీత దాటి వెనక్కి రావాలి. ఎంతమందిని తాకితే అన్ని పాయింట్లు. ఈలోగా అవతలి వాళ్ళు అతన్ని పట్టి ఆపేస్తే పాయింటు వాళ్ళది.

పట్టేవాళ్ళలో అటు మూలా ఇటు మూలా నిలబడే ఇద్దర్నీ కార్నర్లంటారు. ఎక్కువగా కాలు దొరకబుచ్చుకునేది వీళ్ళే. వాళ్ళకి లోపలి వైపు నిలబడే ఇద్దరూ కవర్లు. కార్నర్ కాలు పట్టగానే వీళ్ళొచ్చి మీద పడి తొయ్యాలి. ఒకరు పట్టి, రెండోవారు రాకపోతే రైడరు లాక్కుని వెళ్ళిపోతాడు. పట్టినవాడూ అవుటు! ఏడుగురూ అవుటైతే ఆలవుట్, అవతలి జట్టుకి ఇంకో 2 పాయింట్లు అదనం. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్ని పడితే సూపర్ టాకిల్, దానికి ఒక పాయింటు ఎక్కువ. రెండుసార్లు ఊరికే పోయి వస్తే మూడోసారి కూతకెళ్ళినవాడు పాయింటు తేవాలి, లేదా తనే అవుటు కావాలి. అదే 'డూ ఆర్ డై'. పెద్దవాళ్ళ ఆట 20 నిమిషాలు చొప్పున రెండు సగాలు, అంతే.

అంటే రైడర్ ఒంటరిగా వెళ్ళి తెచ్చేవాడు. తక్కిన ఆరుగురూ ఇల్లు కాపాడేవాళ్ళు. ఈ మాట గుర్తుంచుకోండి, మన జట్టు కథంతా ఇందులోనే ఉంది.

పేరు గొప్ప...

మొదట్లో మనవాళ్ళు బాగానే ఆడారు. రాహుల్ చౌదరి కూతకి వెళ్తుంటే మా వాడు సోఫా మీద నిలబడేవాడు. 2015లో మన జట్టుకి మూడో స్థానం, 2016లో నాలుగో స్థానం. ఇంకేముంది, వచ్చే ఏడు కప్పు మనదే అనుకున్నాం. ఎక్కడిదీ? ఆ తరవాత తొమ్మిదేళ్ళపాటు ప్లేఆఫ్ గడప తొక్కలేదు.

ఆరు సీజన్లు ఆడిన రాహుల్ 2019లో తమిళ్ తలైవాస్‌కి వెళ్ళిపోయాడు. అతని జాగాలోకి సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లు పెట్టి కొన్నారు. ఆ ఏడు 12 జట్లలో మనది 11వ స్థానం. తరవాతి సీజను 2021 డిసెంబరులో మొదలైంది. కరోనా వల్ల ఆటంతా బెంగుళూరులోనే, ప్రేక్షకులు లేకుండా జరిగింది. సిద్ధార్థ్ మొదట్లోనే గాయపడి కూర్చున్నాడు. 22 మ్యాచుల్లో మనం గెలిచింది ఒక్కటి! 2022లో 22కి రెండు. 2023లో పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకి తెచ్చారు. అప్పటికి ప్రో కబడ్డీలో అదే రికార్డు ధర. అతను ఆడలేదా అంటే ఆడాడు. ఒక్కడే 200కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు గెలిచింది మాత్రం మళ్ళీ రెండే, స్థానం మళ్ళీ అట్టడుగే.

మూడు సీజన్లు, 66 మ్యాచులు, 5 గెలుపులు. మా తమ్ముడు "అక్కా, నేను ఇంక చూడ, నాకు బీపీ వస్తుంది" అని ఫోను పెట్టేసిన రోజులవి.

ఒక్క స్తంభం మీద ఇల్లు

లోపం ఎక్కడుంది? డబ్బు పెట్టలేదా అంటే పెట్టారు. మంచి ఆటగాడు లేడా అంటే ఉన్నాడు. కానీ ఒక్కడే ఉన్నాడు. పవన్ కూతకి వెళ్ళి రెండు పాయింట్లు తెస్తే, వెనకాల ఇంట్లోవాళ్ళు మూడు పోగొట్టేవాళ్ళు. పవన్ అవుటై బయట కూర్చున్నాడా... అతన్ని లోపలికి తేవాలంటే ఎవరో ఒకరు పాయింటు తేవాలి కదా, తెచ్చేవాడే లేడు. అవతలి జట్లకి ఆ సంగతి తెలిసిపోయింది. ఒక్క పవన్‌ని పట్టి బయట కూర్చోబెడితే చాలు, పని అయిపోతుంది.

ఇది మనకి ఒకరు చెప్పాలా? ఇంటి పనంతా ఒక్కరి నెత్తినే ఉన్న కొంపల్లో ఆవిడకి రెండు రోజులు జ్వరమొస్తే పొయ్యి వెలగదు. పంచదార డబ్బా ఎక్కడుందో ఇంకొకరికి తెలియదు. "అబ్బ! ఆవిడ ఎంత పనిమంతురాలు!" అని నలుగురూ మెచ్చుకోవచ్చు. కానీ అది గట్టి ఇల్లు కాదు. ఆవిడ గట్టిది, అంతే. మన జట్టు పరిస్థితీ అచ్చం అలాగే ఉండేది.

2024, 2025లో మారిందేమిటి?

2024లో కృష్ణ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. అంతకుముందు దబంగ్ ఢిల్లీ 2022 ఫిబ్రవరిలో కప్పు గెలిచినప్పుడు ఆ జట్టు కోచ్ ఆయనే. ఆనాటి ఫైనల్లో ఢిల్లీ తరఫున ఆడిన విజయ్ మాలిక్ కూడా 2024లో మన జట్టులో ఉన్నాడు. ఆ సీజన్ మొదటి మ్యాచి 2024 అక్టోబరు 18న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగింది. మనవాళ్ళు బెంగుళూరు బుల్స్‌ని 37-29తో ఓడించారు. మధ్యలో పవన్ గాయపడి బయట కూర్చున్నాడు. 'ఇంకేం, మళ్ళీ మొదటికే వచ్చాం' అనుకున్నాం. కానీ ఈసారి ఇల్లు కూలలేదు! విజయ్ మాలిక్, ఆశీష్ నర్వాల్ కూతలు అందుకున్నారు. 22 మ్యాచుల్లో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచారు. ఆరు జట్లకే ప్లేఆఫ్. ఒక్క మెట్టులో తప్పింది.

2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కి వెళ్ళాడు. విజయ్ మాలిక్ కెప్టెన్. భరత్ హుడాని 81 లక్షలకి, కుడి మూల కాపలాకి శుభమ్ షిండేని 80 లక్షలకి తీసుకున్నారు. రెండు కోట్ల ఆటగాడు ఒక్కడూ లేడు. ఎడమ మూల అంకిత్, లోపలి వైపు అజిత్ పవార్ లాంటి పాతవాళ్ళని వదులుకోకుండా ఉంచుకున్నారు. నాకు బాగా నచ్చింది ఇదే. కొత్త సామాను కొన్నామని పాత ఇత్తడి బిందె పారేస్తామా!

ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదటి మ్యాచి. ఎవరితో అనుకున్నారు? పవన్ వెళ్ళిన తలైవాస్‌తోనే. 38-35తో మనవాళ్ళు ఓడిపోయారు. మా తమ్ముడు మళ్ళీ బీపీ మాత్ర అన్నాడు. కానీ ఆ తరవాత జట్టు కుదురుకుంది. ఒకరోజు భరత్, ఒకరోజు విజయ్, ఇంకోరోజు చేతన్ సాహు... ఎవరో ఒకరు ఆదుకున్నారు. 18 లీగ్ మ్యాచుల్లో 10 గెలిచి నాలుగో స్థానం తెచ్చుకున్నారు. ప్లేఆఫ్‌లో బెంగుళూరునీ, పట్నానీ దాటారు. ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద, రెండో క్వాలిఫయర్‌లో పుణేరి పల్టన్ చేతిలో 50-45తో ఓడారు. అక్టోబరు 31న ఫైనల్లో ఢిల్లీ 31-28తో పుణేని గెలిచి కప్పు పట్టుకెళ్ళింది. మనకి మూడో స్థానం. 2015లో ఎక్కడున్నామో పదేళ్ళకి మళ్ళీ అక్కడికొచ్చాం. అట్టడుగు నించి వచ్చామన్న సంగతి మరిచిపోకూడదు.

కొత్త జాబితా చూసేటప్పుడు

వేలం అయ్యాక పేపర్లో జాబితా వస్తుంది. ఒక్కో జట్టులో 18 నించి 25 మంది దాకా ఉంటారు. మనవాళ్ళు మొదట చూసేది ఎవరికి ఎన్ని కోట్లని. అది చూడకండి. నా మటుకు నేను చూసేవి నాలుగు.

మొదటిది, కూతకి వెళ్ళేవాళ్ళు ఎంతమంది? కనీసం ముగ్గురు నమ్మకస్తులుండాలి. 2025లో జట్టుకి అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చినవాడు భరత్. అతను ఒక రోజు పట్టుబడితే ఆ రోజు గడిచేదెలా? విజయ్ వయసు పెరుగుతున్నకొద్దీ మూడో రైడర్ అవసరం ఇంకా ఎక్కువవుతుంది. అందుకే నేను పెద్ద పేరు కంటే మూడో పేరు ముందు వెతుకుతాను.

రెండోది, రెండు మూలలూ జతగా ఉన్నాయా? కుడి మూలకి గొప్పవాణ్ణి తెచ్చి ఎడమ మూల ఖాళీగా పెడితే రైడర్లు ఆ ఖాళీ వైపే వస్తారు. ముందు తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టుంటుంది.

మూడోది, కలిసి ఆడినవాళ్ళు ఎంతమంది మిగిలారు? పట్టడమనేది మాటతో చెప్పి చేసే పని కాదు. ఒకరి భుజం కదిలితే రెండోవారికి తెలియాలి. అది రెండు మూడు సీజన్లు కలిసి ఆడితే తప్ప రాదు. ఏటా జట్టంతా మార్చేవాళ్ళు మళ్ళీ అఆల దగ్గర మొదలెట్టాల్సిందే.

నాలుగోది, బెంచి. సీజన్ రెండు నెలలు. మోకాలు తిరుగుతుంది, భుజం జారుతుంది. కూర్చున్నవాళ్ళలో లేచి ఆడగలిగేవాళ్ళు ఎందరు? మన పాత జట్లు కూలింది అక్కడే.

మరి కప్పు వస్తుందా? నా జోస్యం ఇది. పుణేతో ఆడిన ఆ చివరి మ్యాచి చూడండి. మనం చేసింది 45 పాయింట్లు. అవి తక్కువేం కాదు. ఇచ్చుకున్నది 50! అంటే తేవడంలో లోటు లేదు, కాపాడుకోవడంలోనే ఉంది. సంపాదన బాగుండి నెలాఖరుకి చెయ్యి చాచే ఇల్లన్నమాట. కొత్త జట్టులో ఖర్చు కూతల మీద కంటే పట్టుల మీద ఎక్కువ పెడితే ఫైనల్ చూస్తాం. మళ్ళీ ఒక్కడి మీద కోట్లు కుమ్మరిస్తే... మా తమ్ముడికి మాత్రలు తెప్పించి పెట్టుకోవాలి.

మన పిల్లలు ఎక్కడ?

ఇంకో మాట. జట్టు పేరు తెలుగు. పైన నేను రాసిన పేర్లు మళ్ళీ చదవండి. ముఖ్యమైనవాళ్ళలో ఎక్కువమంది హర్యానా, మహారాష్ట్ర వాళ్ళు. వాళ్ళు మన కోసం ఆడుతున్నారు, సంతోషమే. వేలంలో ఎవరినైనా ఎవరైనా కొనుక్కోవచ్చు, తప్పు లేదు. కానీ మన దగ్గర పిల్లలు లేకనా?

మా సూర్యాపేటలోనే 2021 మార్చి 22న 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యాయి. దేశం నలుమూలల నించీ బాలుర జట్లు, బాలికల జట్లు వచ్చాయి. మొదటిరోజు సాయంత్రం ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రి అంబులెన్సుల మోత మా వీధిలోకి వినపడింది. ఎవరింటివాళ్ళు ఎక్కడున్నారోనని ఆడవాళ్ళమంతా వాకిళ్ళలో నిలబడ్డాం. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పిల్లల్ని ఆట చూడ్డానికి పంపేటప్పుడు, కట్టెలతో, ఇనుప పైపులతో అప్పటికప్పుడు వేసిన మెట్ల మీదికి కిక్కిరిసి ఎక్కొద్దని చెప్పండి. కింద చాప మీద కూర్చున్నా ఆట కనపడుతుంది.

కానీ ఒకటి చూడండి. అంతమంది వచ్చింది సినిమావాళ్ళ కోసం కాదు, పిల్లల కబడ్డీ కోసం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... మూడూళ్ళూ 2016 అక్టోబరు దాకా ఒక్క నల్గొండ జిల్లానే. ఈ జిల్లాలో సంక్రాంతికో, జాతరకో కబడ్డీ ఆడని ఊరు చూపించండి! లోటు ఆటలో లేదు. మనవాళ్ళు మట్టిలో ఆడి పెరుగుతారు, పోటీలేమో మ్యాటు మీద. మట్టిలో ఒట్టి కాళ్ళతో ఆడినవాడికి మ్యాటు మీద బూట్లతో అడుగు కుదరదు. మట్టిలో కాలు జారుతుంది, మ్యాటు మీద పట్టేస్తుంది. మడమ తిప్పే తీరే మారిపోతుంది. చిన్నప్పటి నించీ మ్యాటు మీద ఆడిన పిల్లవాడితో మనవాడు తూగాలంటే మండలానికో మ్యాటు ఉండాలి. కోట్ల మాట పక్కన పెట్టి ముందు ఈ మాట అడగాలి.

ఆడపిల్లల సంగతి?

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఇక్కడుంది. కోదాడలో మా చెల్లెలి కూతురు తొమ్మిదో తరగతి. స్కూల్లో కబడ్డీ ఆడుతుంది, ఎడమ కార్నర్. జిల్లా స్కూల్ గేమ్స్‌కి 12 మంది జట్టు రాసి బోర్డు మీద అంటించారు. మా పిల్ల పేరు పదకొండోది. అంటే బెంచి. చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, పంపాలా వద్దా? మా అత్తమ్మ ఒప్పుకుంటలేదు."

ఆ పెద్దావిడ మాటల్లో ఆవిడ బాధ ఉంది. "ఆడపిల్ల మోకాలి మీద మచ్చ పడితే రేపు చూడొచ్చినోళ్ళకు ఏం చెప్తరు? నిక్కరేసుకుని నలుగురిల ఆడుడేంది? పోనీ ఆడిస్తరా అంటే అదీ లేకపాయె. నీళ్ళ సీసాలు మొయ్యనీకి పోతదా?"

ఎదురుచెప్పి పెద్దవాళ్ళని నొప్పించడం నాకిష్టం లేదు. అందుకని ఆవిడకి తెలిసిన దారిలోనే చెప్పాను. "అత్తమ్మా, మన టైటాన్స్ అన్నేళ్ళు ఓడింది ఆడేవాళ్ళు లేక కాదు, కూర్చున్నవాళ్ళల్ల లేచి ఆడేవాళ్ళు లేక. పదకొండో పేరుంటేనే జట్టు. రెండు రోజులు ఇక్కడ మా ఇంట్లనే ఉంటది, నేను తీసుకపోయి తీసుకొస్త." ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "నువ్వు వెంబడి ఉంటనంటే పొమ్మను" అంది.

వెళ్ళాం. మొదటి మ్యాచి అంతా మా పిల్ల బెంచి మీదే. రెండో మ్యాచిలో సెకండాఫ్‌కి కార్నర్ అమ్మాయి చీలమండ మడతపడింది. పీఈటీ మేడమ్ మా పిల్లని చూసి తలూపింది. అది లేచి వెళ్ళి నిలబడితే నా గుండె దడదడలాడింది. రెండుసార్లు కాలు పట్టింది. మొదటిసారి రైడరు ఈడ్చుకుపోయింది. రెండోసారి కవర్ అమ్మాయి వచ్చి మీద పడింది, పాయింటు వచ్చింది! జట్టు మాత్రం ఓడిపోయింది. మోకాలు గీరుకుంది కూడా. ఇంటికొచ్చి పసుపు రాస్తుంటే అంది. "పెద్దమ్మా, రెండోసారి నేను పట్టకముందే అది వస్తదని నాకు తెలిసింది!" నేను పైన రాసిన 'భుజం కదిలితే తెలియడం' ఇదే. ఆ పిల్ల నాకు నేర్పింది.

కానీ దీని ముందు దారి ఏముంది? మగపిల్లలకి ఏటేటా ప్రో కబడ్డీ ఉంది. ఆడవాళ్ళకి 2016లో ఆ లీగ్‌తోపాటే మూడు జట్లతో ఒక పోటీ పెట్టారు. ఫైనల్ మన హైదరాబాద్‌లోనే 2016 జులై 31న జరిగింది. తేజస్విని బాయి నాయకత్వంలోని స్టార్మ్ క్వీన్స్, మమతా పూజారి నాయకత్వంలోని ఫైర్ బర్డ్స్‌ని 24-23తో గెలిచింది. ఒక్క పాయింటు తేడా! అంత బాగా జరిగినా 2025 సీజను దాకా ప్రో కబడ్డీవాళ్ళు మళ్ళీ పెట్టలేదు. 2025 ఏప్రిల్‌లో గురుగ్రామ్‌లో జరిగిన ఇంకొక లీగ్‌లో ఆడవాళ్ళకి ఆరు జట్లు పెట్టారు. అందులో ఒకటి తెలుగు పేరుతో 'తెలుగు చీతాస్'. అలాంటివి ఏటా జరగాలి.

ఆడపిల్లలు గెలవరనా? ఆసియా క్రీడల్లో ఆడవాళ్ళ కబడ్డీ 2010లో వచ్చింది. 2023లో హాంగ్‌ఝౌలో చైనీస్ తైపేని 26-25తో గెలిచి మనవాళ్ళు బంగారు పతకం తెచ్చారు. 2025 నవంబరులో ఢాకాలో రితు నేగి కెప్టెన్‌గా ప్రపంచ కప్పు కూడా తెచ్చారు. 2012లో పట్నాలో జరిగిన మొదటి ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకి కెప్టెన్ మమతా పూజారి. కర్ణాటక అమ్మాయి, ఉద్యోగం మన దక్షిణ మధ్య రైల్వేలో. ఆట వల్ల రైల్వేలో, పోలీసుశాఖలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలుంటాయి. "ఆడితే ఏమొస్తది?" అనే పెద్దవాళ్ళకి ఈ జవాబు పనికొస్తుంది.

ఆడే పిల్లకి పెట్టే తిండి

మన పేజీల్లో తిండి మాట లేకపోతే ఎలా! కబడ్డీలో బరువుకి హద్దు ఉంది. పెద్దవాళ్ళ పోటీల్లో మగవాళ్ళకి 85 కిలోలు, ఆడవాళ్ళకి 75. జూనియర్ అమ్మాయిలకి 65. దాంతో కొంతమంది పిల్లలు తూకం ముందు రెండు రోజులు తిండి మానేస్తారు, నీళ్ళు కూడా తాగరు. ఇది చాలా తప్పు. కళ్ళు తిరిగి పడతారు, కండరాలు పట్టేస్తాయి. బరువు తగ్గాలంటే నెల ముందు నించీ వేపుళ్ళు, బేకరీ సరుకు తగ్గించాలి. అన్నం మాన్పించకూడదు.

పొద్దున ఆటకి ముందు రాగిజావలో మజ్జిగ కలిపి ఒక గ్లాసు, ఒక అరటిపండు చాలు. కడుపు నిండా టిఫిన్ పెట్టి పంపితే కూత ఆగదు. ఆడి వచ్చాక ఉడికించిన గుడ్డు, లేకపోతే పెసర్ల గుగ్గిళ్ళు. సాయంత్రానికి పల్లీ, నువ్వులు, బెల్లం కలిపి దంచిన ముద్ద ఒకటి. నెలసరి వచ్చే పిల్లలకి రక్తం తగ్గకుండా వారానికి మూడుసార్లు తోటకూరో, గోంగూరో, మునగాకో పప్పులో వెయ్యండి. పైన నిమ్మకాయ పిండితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. మోకాళ్ళకి నీ క్యాపులు కొనిపెట్టండి. ఒక పండగ చీర ధర కూడా కాదు.

ఇవీ నా లెక్కలు. ఈసారి మ్యాచి వస్తుంటే వంటింట్లో ఉండి కేకలు వినకండి, పప్పు దించి వచ్చి హాల్లో కూర్చోండి. కూతకి వెళ్ళేవాణ్ణి అందరూ చూస్తారు. మీరు మూలన నిలబడ్డవాణ్ణి చూడండి, పక్కవాడు వచ్చి మీద పడ్డాడా లేదా చూడండి. మన జట్టు గెలుస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

మా అత్తమ్మ ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తుంది. మొన్న పాత మ్యాచి ఏదో వేస్తే, "గా మూలకున్న పిల్లగాడు మంచిగ పడుతుండు, కానీ ఎన్క ఎవ్వడొస్తలేడు" అంది. కోచ్ కూడా అంతకంటే ఏం చెబుతాడు! ఇక కోదాడలో మా పిల్ల నిన్న ఫోను చేసింది. కొత్త జాబితా అంటించారట. ఈసారి దాని పేరు ఆరోది.